బూట్ మెనూలో మిగిలిన డాస్: పాత ప్రోగ్రామ్‌లు, ప్రభుత్వ జ్ఞాపకం

ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో సి ల్యాబ్ చేసినవాళ్లందరికీ ఆ నీలం తెర గుర్తుండే ఉంటుంది. టర్బో సి. మేం పుట్టకముందు డాస్ కోసం రాసిన ప్రోగ్రామ్‌ను డాస్‌బాక్స్ లోపల పెట్టి నడిపేవాళ్లం. "ఇంకా ఇదెందుకు సార్?" అని అడిగితే "రికార్డ్ రాయండి ముందు" అనేవారు. అప్పట్లో అదొక జోక్. దాని వెనకాల జీఎస్ పేపర్-2, పేపర్-3, ఎస్సే పేపర్ మూడింటికీ పనికొచ్చే చరిత్ర ఉందని నాకు తెలిసింది ప్రిపరేషన్‌లోకి వచ్చాక, అదీ మా ఇంటి వ్యవహారం ఒకటి మీద పడ్డాక.

మా మావయ్య (మేనత్తగారి భర్త) ఒక చిన్న ఉద్యోగుల పొదుపు సంఘంలో లెక్కలు చూసి రిటైరయ్యారు. సంఘంలో ఒక సభ్యుడు చనిపోయి చాలా ఏళ్లయింది. ఆయన భార్య వాటా డబ్బు అడిగితే, మీ ఆయన పేరు మీద పాత అప్పు కనబడుతోంది, అది తేలాకే ఇస్తామన్నారు. కాగితం లెడ్జర్లు చెదలు తినేశాయి. మిగిలింది మావయ్య అటక మీద దాచిన పాత కంప్యూటర్‌లోని హార్డ్ డిస్క్ ఒక్కటే. ఫైళ్లు బయటకు తీయడం గంట పని. తెరిస్తే పేరు, తేదీ, మొత్తం అన్నీ ఉన్నాయి. పక్కనే స్థితి అనే గడిలో "4" అని ఉంది. 4 అంటే అప్పు తీరిందనా, బాకీ ఉందనా? ఇరవై ఏళ్ల తర్వాత మావయ్యకు గుర్తులేదు. ఆ అంకెకు అర్థం ఆ డేటా ఫైల్లో ఎక్కడా లేదు, పాత డాస్ ప్రోగ్రామ్ లోపల ఉంది. ఆ ప్రోగ్రామ్ ఇప్పటి కంప్యూటర్లో నడవదు.

ఈ వ్యాసం ఆ చిన్న సమస్య నుంచే పుట్టింది. రికార్డును దాచడం సగం పని. దాన్ని చదివే సాధనాన్ని కూడా దాచాలి. మన కంప్యూటరీకరణ చరిత్రలో మొదటి సగానికి దొరికిన శ్రద్ధ రెండో సగానికి దొరకలేదు.

1. నేపథ్యం: 1973 నుంచి 1984 వరకు

ఈ భాగం చాలామందికి తెలిసిందే కాబట్టి త్వరగా చూద్దాం. 1973 నాటి విదేశీ మారక నియంత్రణ చట్టం (ఫెరా) ప్రకారం విదేశీ కంపెనీలు భారత శాఖల్లో తమ వాటాను 40 శాతానికి తగ్గించుకోవాలి. ఐబీఎం ఒప్పుకోలేదు, 1978లో దేశం విడిచి వెళ్లింది. అప్పటికే ఇక్కడున్న దాని యంత్రాల నిర్వహణను ప్రభుత్వ రంగ సంస్థ సీఎంసీ చేపట్టింది. హైదరాబాద్‌లో 1967లో ఏర్పడిన ఈసీఐఎల్ 1969లోనే టీడీసీ-12 అనే స్వదేశీ కంప్యూటర్ తయారుచేసింది. 1976లో ఎన్‌ఐసీ వచ్చింది. అయినా కంప్యూటర్ అంటే ఏసీ గదిలో ఉండే పెద్ద యంత్రమే.

1981 ఆగస్టులో ఐబీఎం పీసీ వచ్చాక పరిస్థితి మారింది. దాని ఆపరేటింగ్ సిస్టమ్‌ను మైక్రోసాఫ్ట్ సొంతంగా మొదటినుంచి రాయలేదు. సియాటిల్‌లోని ఒక చిన్న కంపెనీ దగ్గర 86-డాస్‌ను కొని మెరుగుపరిచింది. ఐబీఎం పీసీ నమూనా బహిరంగంగా ఉండటంతో దానికి నకలు యంత్రాలు ప్రపంచమంతా తయారయ్యాయి. సరిగ్గా ఆ దశలో, 1984 నవంబరులో, రాజీవ్ గాంధీ ప్రభుత్వం కొత్త కంప్యూటర్ విధానం ప్రకటించింది. దిగుమతి సుంకాలు తగ్గాయి, లైసెన్సులు సులువయ్యాయి. అంటే మన దేశంలో మామూలు ఆఫీసు టేబుల్ మీదకు కంప్యూటర్ వచ్చిన కాలం, డాస్ కాలం ఒక్కటే. మన తొలి తరం డిజిటల్ రికార్డుల్లో ఎక్కువ భాగం డాస్ నీడలో పుట్టడానికి కారణం ఇదే.

2. డాస్ మీద నిలబడిన భారతదేశం

బెంగళూరులో తండ్రీకొడుకులు శ్యామ్‌సుందర్ గోయెంకా, భరత్ గోయెంకా 1986లో మొదలుపెట్టిన కంపెనీ నుంచి ట్యాలీ వచ్చింది. దాని తొలి వెర్షన్లు డాస్‌లోనే నడిచేవి. వర్డ్‌స్టార్, లోటస్ 1-2-3, డీబేస్, తర్వాత ఫాక్స్‌ప్రో: కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ బోర్డుల మీద ఈ పేర్లే ఉండేవి.

వీటన్నిటికీ ఒక లోపం ఉంది. తెర మీద ఇంగ్లిష్ అక్షరాలు తప్ప రావు. దీనికి మనవాళ్లు కనిపెట్టిన పరిష్కారం చాలా తెలివైనది. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై, 1988లో ఏర్పడిన సీడాక్‌కు చేరిన జిస్ట్ సాంకేతికత అది. కంప్యూటర్లో ఒక కార్డు గుచ్చితే చాలు. డాస్ ప్రోగ్రామ్‌ను మార్చనవసరం లేకుండానే దేవనాగరి, తెలుగు, తమిళం వంటి లిపులు తెర మీదకు వచ్చేవి. దాని వెనక ఉన్న సంకేత పద్ధతి ఇస్కీ. బ్రాహ్మీ నుంచి పుట్టిన మన లిపులన్నిటికీ "క" స్థానం ఒకటే అన్న సూత్రం మీద తయారైంది. 1991లో భారత ప్రమాణాల సంస్థ దీన్ని ఐఎస్ 13194గా ఆమోదించింది. యూనికోడ్‌లో భారతీయ లిపుల అమరికకు 1988 నాటి ఇస్కీయే ఆధారం. ఇవాళ ఫోన్‌లో మనం టైప్ చేస్తున్న తెలుగు అక్షరాల వరుసకు మూలం డాస్ కాలంలో ఉందన్నమాట.

అదే కాలంలో, 1988-89లో, కేంద్రం భూమి రికార్డుల కంప్యూటరీకరణ పథకం మొదలుపెట్టింది. ప్రయోగాత్మకంగా ఎంచుకున్న ఎనిమిది జిల్లాల్లో మన రంగారెడ్డి ఒకటి. ఆ పథకమే మరో పథకంతో కలిసి 2008లో జాతీయ భూమి రికార్డుల ఆధునికీకరణ కార్యక్రమమైంది. 2016 నుంచి దాన్ని డిజిటల్ ఇండియా పేరుతో పిలుస్తున్నాం.

ఇక్కడ ఒక పోలిక గమనించండి. ఇస్కీలో దాచిన పాఠాన్ని ఇవాళ యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు. ఎందుకంటే అది ప్రకటించిన ప్రమాణం. ఏ అంకె ఏ అక్షరమో పుస్తకంలో ఉంది. అదే ఒక్కో ఫాంట్‌కు ఒక్కో రహస్య సంకేతం పెట్టుకున్న చోట, ఆ ఫాంట్ పోతే పాఠం అర్థంలేని గుర్తుల కుప్ప అవుతుంది. మావయ్య ఫైల్లోని "4" ఈ రెండో రకం.

3. మొదటి 512 బైట్లు: లాహోర్ కథ

బూట్ మెనూ అర్థం కావాలంటే కంప్యూటర్ ఎలా లేస్తుందో తెలియాలి. స్విచ్ వేయగానే బయోస్ అనే చిన్న ప్రోగ్రామ్ మెమరీ, కీబోర్డు సరిచూసి, డిస్క్‌లోని మొట్టమొదటి సెక్టార్‌ను చదువుతుంది. దాని పరిమాణం 512 బైట్లు. హార్డ్ డిస్క్ అయితే అందులో 446 బైట్లు ప్రోగ్రామ్‌కు, 64 బైట్లు డిస్క్ విభాగాల పట్టికకు, చివరి 2 బైట్లు "ఇది సరైన సెక్టారే" అన్న ముద్రకు. బయోస్ దాన్ని మెమరీలోకి ఎత్తి, పగ్గాలు అప్పగించి తప్పుకుంటుంది. ఆ 512 బైట్లు ఎవరి చేతిలో ఉంటే కంప్యూటర్ వారి చేతిలో ఉన్నట్టే.

ఈ సంగతిని ప్రపంచానికి బాగా తెలియజెప్పింది మన దక్షిణాసియా నగరమే. 1986లో లాహోర్‌లో బాసిత్, అంజద్ ఫరూఖ్ అల్వీ అనే సోదరులు రాసిన బ్రెయిన్‌ను ఐబీఎం పీసీలపై తొలి వైరస్‌గా పరిగణిస్తారు. అది 360 కేబీ ఫ్లాపీల బూట్ సెక్టార్లో కూర్చునేది. లోపల సోదరుల పేర్లు, దుకాణం చిరునామా, ఫోన్ నంబర్లు కూడా ఉండేవి! తమ వైద్య సాఫ్ట్‌వేర్‌ను దొంగ కాపీలు చేసేవారి కోసం రాశామని వారు చెప్పారు. ఫ్లాపీల వెంట అది అమెరికా దాకా వెళ్లింది.

బ్రెయిన్‌లో ఒక మాయ ఉంది. బూట్ సెక్టార్ చూపించమని ఎవరైనా అడిగితే, పక్కన దాచిన అసలు సెక్టార్‌ను చూపించేది. అంటే వైరస్ పట్టిన సిస్టమ్‌లో కూర్చుని వైరస్‌ను వెతికితే దొరకదు. అందుకే రిపేర్ షాపుల్లో ఒక నియమం పుట్టింది: ముందు శుభ్రమైన, రాయడానికి వీల్లేకుండా మూసిన డాస్ ఫ్లాపీతో కంప్యూటర్ లేపు, తర్వాతే వైరస్‌ను వెతుకు. పుణెలో కైలాష్ కట్కర్ రిపేర్ షాపు నుంచి 1990ల మధ్యలో వచ్చిన క్విక్ హీల్ కూడా డాస్ మీదే మొదలైంది.

జబ్బు ఉన్న వ్యవస్థకు బయట నిలబడి దాన్ని పరీక్షించాలి. పాలనలో ఆడిట్‌కు స్వతంత్రత ఎందుకు కావాలో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. కాగ్ గురించి ఎస్సే రాసేటప్పుడు వాడుకోవచ్చు.

4. ఫ్లాపీ నుంచి మెనూలోకి

డాస్ ప్రోగ్రామ్‌లకు నేరుగా దొరికే మెమరీ 640 కేబీ మాత్రమే. మౌస్, సీడీ, నెట్‌వర్క్ డ్రైవర్లన్నీ ఎక్కిస్తే అసలు ప్రోగ్రామ్‌కు చోటు మిగిలేది కాదు. 1993లో వచ్చిన ఎంఎస్-డాస్ 6.0 దీనికి ఒక మార్గం చూపింది. కాన్ఫిగ్.సిస్ ఫైల్లోనే మెనూ రాసుకోవచ్చు: ఒకటి నొక్కితే లెక్కల పని, రెండు నొక్కితే నెట్‌వర్క్. 1995లో విండోస్ 95 వచ్చాక, లేచే సమయంలో ఎఫ్8 నొక్కితే కమాండ్ ప్రాంప్ట్ మాత్రమే ఇచ్చే మెనూ ఉండేది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో ఇళ్లలోని కంప్యూటర్ల పునాది ఎన్‌టీకి మారింది, అడుగున డాస్ లేకుండా పోయింది.

డాస్ పోయినా డాస్‌తో పని పోలేదు. మదర్‌బోర్డు బయోస్ అప్‌డేట్, హార్డ్ డిస్క్ పరీక్ష, మెమరీ పరీక్ష, డిస్క్ విభజన వంటి సాధనాలు చాలా ఏళ్లపాటు డాస్ ప్రోగ్రామ్‌లుగానే వచ్చేవి. డాస్ ఒకేసారి ఒకే పని చేస్తుంది, హార్డ్‌వేర్‌కూ ప్రోగ్రామ్‌కూ మధ్య అడ్డు రాదు. ఈ పనులకు అదే కావాలి. రిపేర్ చేసేవాళ్ల సంచిలో ఉండే బూట్ సీడీల నిండా ఇవే.

రెండు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లు ఈ సాధనాలను బతికించాయి. మైక్రోసాఫ్ట్ డాస్‌ను వదిలేస్తుందని తెలిశాక 1994 జూన్‌లో అమెరికన్ విద్యార్థి జిమ్ హాల్ ప్రకటించిన ప్రాజెక్టు ఫ్రీడాస్‌గా ఎదిగింది. దాని 1.0 వెర్షన్ 2006లో వచ్చింది. రెండోది సిస్‌లైనక్స్ ప్రాజెక్టులోని మెమ్‌డిస్క్. ఇది చేసే పని చూడండి. ఒక డిస్క్ మొత్తాన్ని ఫైల్‌గా తీసుకుని ర్యామ్‌లో పరుస్తుంది. డిస్క్ చదవమని డాస్ బయోస్‌ను అడిగే పిలుపు (ఇంటరప్ట్ 13) మధ్యలో నిలబడి, ర్యామ్ నుంచి జవాబిస్తుంది. డాస్ మాత్రం తనముందు నిజమైన డిస్క్ ఉందనుకుంటుంది. లైనక్స్ బూట్ మెనూలో నాలుగు లైన్లు రాస్తే చాలు, "ఉబుంటు" కింద "డాస్" అని ఇంకో వరుస వస్తుంది.

నేను చేసింది ఇదే. ముందు డాస్‌బాక్స్‌లో ప్రయత్నించాను. అది ప్రధానంగా ఆటల కోసం తయారైన సాధనం. ఫైళ్లకు తాళం వేసే షేర్ అనే డాస్ సౌకర్యం దొరక్క మావయ్య ప్రోగ్రామ్ అందులో ఆగిపోయింది. తర్వాత కాలేజీ రోజుల నాటి డెస్క్‌టాప్ తీసి, ఫ్రీడాస్, ప్రోగ్రామ్, డేటా మూడూ కలిపి ఒకే డిస్క్ ఇమేజ్ చేసి, మెనూలో వరుస చేర్చాను. ఆకుపచ్చ అక్షరాలతో తెర లేచింది. మావయ్య వేళ్లకు మాత్రం కీలన్నీ గుర్తున్నాయి. సభ్యుడి నంబర్ కొట్టారు. "4" ఉన్న చోట తెర మీద పూర్తి మాట వచ్చింది: బీమా నుంచి సర్దుబాటు. అంటే ఆయన చనిపోయినప్పుడు వచ్చిన బీమా సొమ్ముతోనే అప్పు తీరిపోయింది. ఆవిడ బాకీ లేదు.

ఇందులో ఇంకో సౌలభ్యం ఉంది. మెమ్‌డిస్క్‌లో జరిగే మార్పులన్నీ ర్యామ్‌లోనే ఉంటాయి. కంప్యూటర్ ఆపితే పోతాయి, అసలు ప్రతి చెక్కుచెదరదు. పాత రికార్డును పరిశీలించేవాడికి కావాల్సింది అదే.

5. మూసుకుంటున్న తలుపు

ఈ దారి ఎక్కువ కాలం ఉండదు. బయోస్ స్థానంలో యూఈఎఫ్‌ఐ వచ్చింది. పాత బయోస్ పిలుపులకు జవాబిచ్చే అనుకూలతా భాగాన్ని (సీఎస్‌ఎం) కొన్నాళ్లు ఉంచారు. 2020 నాటికి దాన్ని తీసేస్తామని 2017లోనే ఇంటెల్ చెప్పింది. సీఎస్‌ఎం లేకపోతే డాస్ పిలిచినా పలికేవాడు ఉండడు. 64-బిట్ విండోస్ 16-బిట్ ప్రోగ్రామ్‌లను అసలే నడపదు. 2021లో వచ్చిన విండోస్ 11కు 32-బిట్ రూపమే లేదు.

మార్పుకు మంచి కారణాలున్నాయి. పాత విభాగ పట్టిక 2 టెరాబైట్ల డిస్క్‌ను దాటి చూడలేదు. బూట్ సెక్టార్లో ఎవరైనా దూరవచ్చని బ్రెయిన్ చూపించింది. సంతకం ఉన్న ప్రోగ్రామ్‌తోనే లేచే సెక్యూర్ బూట్ ఆ భయానికి జవాబు. కానీ ఆ సంతకం ఎవరిది అన్నది సార్వభౌమత్వ ప్రశ్న. లాహోర్ సోదరుల కాలంలో ఎవరైనా దూరగలిగిన చోటికి ఇప్పుడు ఎవరు రావాలో కొన్ని కంపెనీలు నిర్ణయిస్తున్నాయి. సీడాక్ తయారుచేసిన బాస్ లైనక్స్‌నూ, 2015 నాటి కేంద్ర ఓపెన్ సోర్స్ విధానాన్నీ ఈ కోణంలోంచి చదవాలి.

6. చట్టం ఏమంటోంది?

మనం చదివే చట్టాల్లోనే ఈ విషయం ఉంది, మనం గమనించం. 1993 నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టం కంప్యూటర్ నుంచి వచ్చిన సమాచారాన్నీ పబ్లిక్ రికార్డుగా గుర్తించింది. సమాచార సాంకేతిక చట్టం 2000, సెక్షన్ 7 ఎలక్ట్రానిక్ రికార్డు తర్వాత చూసుకోవడానికి అందుబాటులో ఉండాలని, అది మొదట పుట్టిన రూపంలోనో, దాన్ని కచ్చితంగా చూపగల రూపంలోనో ఉండాలని చెబుతుంది. సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 4 రికార్డులను సూచికలతో సిద్ధంగా ఉంచమంటుంది. ఫైల్ ఉండి అర్థం చెప్పే ప్రోగ్రామ్ లేకపోతే ఈ మూడూ కాగితం మీదే మిగులుతాయి.

సాక్ష్యం సంగతీ అంతే. పాత సాక్ష్య చట్టం సెక్షన్ 65బి, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం అడుగుతాయి. మా విషయంలో సంఘం కమిటీ "ఈ ప్రింటుకు సంతకం ఎవరిది?" అని అడిగింది. ఆనాడు ఆ కంప్యూటర్ నడిపిన మనిషిగా మావయ్య రాసి సంతకం పెట్టారు, ఒప్పుకున్నారు. ఆయన లేకపోయుంటే? కోర్టు దాకా వెళ్లుంటే, వేరే కంప్యూటర్ మీద మళ్లీ నడిపిన ప్రోగ్రామ్ మాట నిలిచేదా? నేను ధైర్యంగా అవునని చెప్పలేను.

7. టోప్రా స్తంభం పాఠం

14వ శతాబ్దంలో ఫిరోజ్ షా తుగ్లక్ టోప్రా నుంచి అశోకుడి స్తంభాన్ని ఎంతో శ్రమతో ఢిల్లీకి తెప్పించాడు. రాయి చెక్కుచెదరలేదు, అక్షరం చెరగలేదు. పండితులను పిలిపిస్తే ఎవరూ చదవలేకపోయారు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్, సాంచి దాన శాసనాల చివర పదేపదే వస్తున్న మాట "దానం" అయి ఉంటుందని ఊహించి తాళం తీసేదాకా ఆ రాజశాసనం వట్టి రాయే. రికార్డును కాపాడిన రాజు ఉన్నాడు, చదివే సంప్రదాయాన్ని కాపాడిన సంస్థ లేదు. మన డిజిటల్ రికార్డుల విషయంలో ప్రిన్సెప్ కోసం శతాబ్దాలు ఎదురుచూడలేం. రాయి ఆగింది, హార్డ్ డిస్క్ ఆగదు.

చేయాల్సినవి కొన్నే. పాత డేటాతోపాటు దాన్ని నడిపిన ప్రోగ్రామ్‌నూ, సంకేతాల పట్టికనూ రాష్ట్ర అభిలేఖాగారాలకు ఇవ్వాలి. పాత యంత్రాన్ని తుక్కుకు వేసేముందు డిస్క్ ఇమేజ్ తీయడం తప్పనిసరి చేయాలి. డాస్ నడిపే ఎమ్యులేటర్లను ప్రభుత్వ ఖర్చుతో నిలబెట్టాలి. మైక్రోసాఫ్టే ఎంఎస్-డాస్ 4.0 సోర్స్‌ను 2024లో స్వేచ్ఛా లైసెన్సుతో ఇచ్చింది కాబట్టి అడ్డంకి తక్కువ. డిజిటల్ పరిరక్షణ కోసం పుణె సీడాక్‌లో ఇప్పటికే కేంద్రం ఉంది. జిల్లా స్థాయికి అది చేరాలి. కొత్త సాఫ్ట్‌వేర్ టెండర్లలో, ఒప్పందం ముగిశాక డేటాను అర్థంతో సహా అప్పగించాలన్న షరతు ఉండాలి. ఆ డెస్క్‌టాప్‌ను నేను ఇంకా అమ్మలేదు. మెనూలో ఆ వరుసా తీసేయలేదు.

గుర్తుంచుకోవాల్సినవి

1978: ఐబీఎం నిష్క్రమణ
1984 నవంబరు: కొత్త కంప్యూటర్ విధానం
1986: బ్రెయిన్ వైరస్, లాహోర్
1988: సీడాక్ స్థాపన
1988-89: భూమి రికార్డుల కంప్యూటరీకరణ, 8 జిల్లాలు
1991: ఇస్కీ ప్రమాణం
1993: పబ్లిక్ రికార్డ్స్ చట్టం, ఎంఎస్-డాస్ 6.0
2000: ఐటీ చట్టం, సెక్షన్ 7

సాధన ప్రశ్న: "కంప్యూటరీకరణ వల్ల ప్రభుత్వ రికార్డులకు శాశ్వతత్వం వచ్చిందా, కొత్త రకం నశ్వరత వచ్చిందా? భారత అనుభవంతో చర్చించండి." (250 పదాలు, 15 మార్కులు.) రాసినవాళ్లు కామెంట్లలో పెట్టండి, చదివి నాకు తోచింది చెబుతాను.